మలేరియాకు లోహపు మందు: ఆశ ఎంత, జాగ్రత్త ఎంత?

“హజ్రత్, మలేరియాకు ఇనుముతో మందు కనిపెట్టారట కదా! మా ఇంట్లో కుష్తా ఫౌలాద్ ఉంది. జ్వరం వచ్చిన పిల్లవాడికి తేనెలో వేసి ఇవ్వవచ్చా?” అని మా మదరసా విద్యార్థి తండ్రి ఒకరు ఈ మధ్య అడిగారు. ఫోనులో వచ్చిన వార్త ఆయన చేత ఈ ప్రశ్న అడిగించింది. వార్తలో కొంత నిజం ఉంది. అందుకే ప్రమాదమూ ఉంది.

మా విడపనకల్లు కరువు సీమ. ఇక్కడ దోమలేమిటని కొందరు ఆశ్చర్యపడతారు. నీటికి కొరత ఉన్నచోటే తొట్లలో, డ్రమ్ముల్లో రోజుల తరబడి నీళ్ళు నిల్వ ఉంచుకుంటారు. మలేరియాను మోసే అనాఫిలిస్ స్టెఫెన్సై దోమ అటువంటి నిల్వ నీటిలోనే గుడ్లు పెడుతుంది. పైగా పనుల కోసం వలస వెళ్ళినవారు తిరిగి వచ్చేటప్పుడు జ్వరాన్ని కూడా వెంట తీసుకురావచ్చు.

దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం మన తెలుగు నేలమీదే కంటబడింది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ సమీపంలోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తాన్ని దోమలచేత తాగించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు ఆ రోగికి ముట్టాయి. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు రాస్‌కు కనిపించాయి. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందనడానికి అదే తొలి ఆధారం. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌ను తలచుకునేవారు అరుదు.

ఆ నల్లని రేణువుల్లో ఉన్నది మన రక్తపు ఇనుమే. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణంలో చేరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. మిగిలిన ఇనుముతో కూడిన హీమ్ దానికే విషం. కనుక దాన్ని గట్టి నల్లని స్ఫటికంగా మార్చి పక్కన పెట్టుకుంటుంది. క్లోరోక్విన్ ఆ పనిని అడ్డుకుంటుంది. క్రిమి తన ఎంగిలి విషంతోనే చస్తుంది. కాలక్రమంలో క్రిములు ఈ మందును బయటికి నెట్టివేయడం నేర్చాయి. అప్పుడు ఫ్రాన్సులోని లీల్ నగరంలో క్రిస్టోఫ్ బియో, ఆయన సహచరులు 1990లలో క్లోరోక్విన్ అణువులో ఫెర్రోసీన్‌ను చేర్చి ఫెర్రోక్విన్ తయారుచేశారు. రెండు కర్బన వలయాల నడుమ ఒక ఇనుప పరమాణువును బిగించినదే ఫెర్రోసీన్. క్లోరోక్విన్‌కు లొంగని క్రిములను కూడా ఇది ప్రయోగశాలలో చంపింది. మనుషులపై పరీక్షలూ జరిగాయి. అయినా మందుల దుకాణానికి ఇంకా చేరలేదు.

ఇక కుష్తా సంగతి. ఫారసీలో కుష్తా అంటే ‘చంపబడినది’. లోహాన్ని కాల్చి బూడిద చేస్తే దాని విషం చచ్చిందని పూర్వుల నమ్మకం. యునానీ వైద్యంలో దాని స్థానం దానికున్నది. కానీ సంతలో పొట్లం కట్టి అమ్మే పొడిలో ఏముందో ఎవరు చూశారు? అది మంచి ఇనుమే అనుకున్నా, ఫెర్రోక్విన్‌లోని బిగించిన ఇనుము వేరు, కడుపులో కరిగే ఇనుము వేరు. టాంజానియాకు చెందిన పెంబా ద్వీపంలో పసిపిల్లలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం క్రమంగా ఇచ్చి చూశారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం, తీసుకోని పిల్లలకంటే వారిలో మరణం లేదా ఆసుపత్రి పాలయ్యే ముప్పు 12 శాతం ఎక్కువ. ఇది చదివి, రక్తహీనతకు వైద్యులు రాసిన ఇనుప మాత్రలు మానవద్దు. మలేరియా ఉన్నచోట దాని నివారణ, చికిత్సలతోపాటు ఇనుము ఇవ్వాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

లోహం మందుగా పనిచేసిన చరిత్ర లేకపోలేదు. సుర్మా రాయిగా పాత గ్రంథాలు చెప్పే ఆంటిమొనితోనే కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ తయారుచేసి 1922లో ప్రకటించారు. కాలా ఆజార్‌తో మరణించవలసిన ఎందరో దానివల్ల బతికారు. (నేడు బజారులో సుర్మా పేరిట అమ్మేది తరచుగా సీసపు సమ్మేళనం, పసివాళ్ళ కళ్ళకు పెట్టే దాదీమాలు గమనించాలి.) తరువాత బీహారులో ఆ క్రిమి ఆంటిమొనికి లొంగడం మానేసింది. ఈజిప్టులో నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియాకు దశాబ్దాలపాటు ఆంటిమొని ఇంజెక్షన్లు ఇచ్చారు. సరిగా శుద్ధి చేయని సూదులవల్ల ఆ గ్రామాల్లో హెపటైటిస్ సి పాకింది. అక్కడ తప్పు లోహానిది కాదు, సూదిది.

ఆ తండ్రికి నేను చెప్పినది ఇంతే: చలితో జ్వరం వస్తే ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ఆశా కార్యకర్త వద్ద గాని రక్తపరీక్ష చేయించండి. ప్రభుత్వ పరీక్షకు, మందుకు డబ్బు అడగరు. వైవాక్స్ అని తేలితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రిమాక్విన్ 14 రోజులు. గర్భిణులకు, శిశువులకు ప్రిమాక్విన్ ఇవ్వరు. మూడో రోజుకే జ్వరం తగ్గుతుంది. చాలామంది అక్కడితో మాత్రలు ఆపేస్తారు. కాలేయంలో దాగిన క్రిమి నెలల తరువాత మళ్ళీ లేస్తుంది.