ఊపిరి అందకపోతే... మనసూ తడబడుతుంది!

మృగశిర కార్తె నాడు నాంపల్లి స్టేషన్లో రైలు దిగినవారికి ఎగ్జిబిషన్ మైదానానికి దారి అడిగే పనుండదు. జనం వెంట నడిస్తే చాలు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, నాలుగడుగులకోసారి ఆగి ఆయాసం తీర్చుకునే పెద్దలు... అందరూ అటువైపే. బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందు కోసం! కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి, బతికున్న చేపనే మింగిస్తారు. 1845 నుంచీ వస్తున్న ఆనవాయితీ అని ఆ కుటుంబం చెబుతుంది. మందు అనకుండా 'చేప ప్రసాదం' అనడం ఇప్పుడు మామూలైంది. దీంతో ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన రుజువైతే లేదు.

నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ వరసలో నిలబడ్డవారి బాధ మాత్రం నిజం. ఆయాసం అనగానే మనం ఛాతీ వైపే చూస్తాం. కానీ ఊపిరి మరీ అందనప్పుడు తొందరగా తడబడేది మెదడు. ఎందుకో తెలుసా?

పొయ్యీ అదే... దినుసూ అదే!

మన బరువులో మెదడు వాటా 2 శాతమే. ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే ఆక్సిజన్‌లో మాత్రం సుమారు 20 శాతం దానికే కావాలి. గ్లూకోజ్‌ని శక్తిగా మార్చుకోవడానికే అందులో ఎక్కువ భాగం పోతుంది. అక్కడితో అయిపోలేదు. వంటింట్లో గాలి పొయ్యి మండడానికే పనికొస్తుంది. మెదడులో అది వంటలో దినుసు కూడా!

నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది న్యూరోట్రాన్స్‌మిటర్లనే రసాయనాలతో. మనసు కుదురుగా ఉండటంలో, నిద్రలో పాలుపంచుకునే సెరటోనిన్... ఉత్సాహానికీ, కదలికలకూ తోడ్పడే డోపమిన్... ఇలాంటివే. పప్పు, పాలు, గుడ్డులో ఉండే ట్రిప్టోఫాన్ నుంచి మొదటిదీ, టైరోసిన్ నుంచి రెండోదీ తయారవుతాయి. రెండింటి తయారీలోనూ మొదటి మెట్టు ఒకటే. ఓ ఎంజైము ఆక్సిజన్ పరమాణువొకదాన్ని తెచ్చి ఆ పదార్థానికి అతికించాలి. ఆక్సిజన్ తగ్గితే ఆ పని మందగిస్తుంది. ఎలుకలకు తక్కువ ఆక్సిజన్ ఉన్న గాలినిచ్చి జేమ్స్ డేవిస్, ఆర్విడ్ కార్ల్‌సన్ 1973లోనే ఈ సంగతి చూపించారు. డోపమిన్ మీద పరిశోధనలకుగాను ఆ కార్ల్‌సనే 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఆక్సిజన్ మరీ పడిపోతే కథ తిరగబడుతుంది. కణాల మధ్య నుంచి గ్లుటమేట్ అనే రసాయనాన్ని ఎప్పటికప్పుడు తోడిపోయాలంటే శక్తి కావాలి. అది లేక గ్లుటమేట్ పేరుకుపోయి, కణాల్ని అతిగా రెచ్చగొట్టి చంపేస్తుంది. మెదడుకి రక్తం పూర్తిగా ఆగిపోతే నాలుగైదు నిమిషాల్లోనే నష్టం మొదలవుతుంది.

ఆబిడ్స్‌కి దగ్గర్లోనే...

ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న మాట హైదరాబాద్‌కి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆబిడ్ అనే ఆయన పెట్టిన దుకాణం వల్లే ఆబిడ్స్‌కి ఆ పేరొచ్చింది. ఆ నిజాం కాలంలోనే, అక్కడికి దగ్గర్లోని అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఉండేవారు. క్లోరోఫామ్ ఇస్తే కొందరు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, మళ్లీ 1889లో ఆయన హైదరాబాద్‌లో కమిషన్లు నడిపారు. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చారు. నిజాం ప్రభుత్వం ఖర్చు భరించింది. వందలాది జంతువుల మీద పరీక్షలు జరిపి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదని తేల్చారు.

అది పూర్తి నిజం కాదు. క్లోరోఫామ్‌తో గుండె కూడా హఠాత్తుగా ఆగొచ్చని 1911లో లెవీ అనే శాస్త్రవేత్త నిరూపించారు. అయినా రోగి ఊపిరి మీంచి చూపు తిప్పకూడదన్న లారీ పాఠం మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

ఇంట్లో మీరేం చూడాలి?

మామూలు పిల్లికూతలకు మెదడుకి ఆక్సిజన్ కరవు రాదు. భయపడనక్కర్లేదు. అలాగని చిరాకు, దిగులు అన్నిటికీ కారణం ఆక్సిజన్ తక్కువ కావడమే అనుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో అది దాదాపు నిండుగానే ఉంటుంది కాబట్టి, సిలిండర్ పెట్టుకున్నంత మాత్రాన సంతోషం రెట్టింపవదు.

కానీ ఉబ్బసం ఎక్కువైన మనిషి ఉన్నట్టుండి కంగారుపడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, మత్తుగా తూగుతున్నా... 'విసుగులే' అని వదిలేయొద్దు. మాట పూర్తిచేయలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, పల్స్ ఆక్సీమీటర్‌లో అంకె 92 కంటే తగ్గడం కూడా ప్రమాద సూచనలే. డాక్టర్ చెప్పిన ఇన్‌హేలర్ ఇస్తూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పటిదాకా ఆయాసంతో ఉన్నవారు హఠాత్తుగా నిశ్శబ్దమైపోతే హమ్మయ్య, కుదుటపడ్డారనుకోకండి. ఒక్కోసారి అలసిపోయిన ఊపిరికి అది చివరి హెచ్చరిక.

చేప మింగాలా వద్దా అన్నది ఎవరి నమ్మకం వారిది. వరసలో ఎన్ని గంటలు నిలబడ్డా సరే, జేబులోని ఇన్‌హేలర్‌ని మాత్రం ఇంట్లో వదిలి వెళ్లకండి!