మక్క ఆకుపై మచ్చ, కణములోని కండె

సిరిసిల్ల నేతకారుల ఇండ్లలో నూలు చుట్టిన కండెలను మీరు చూచియే ఉందురు. నూలును ఊరక కుప్ప వేసినచో చిక్కు పడును. కండెకు చుట్టినచో కావలసినప్పుడు కావలసినంత విప్పుకొనవచ్చును. మీ మక్క చేనిలోని ప్రతి మొక్క తన కణములలో ఇదే పని చేయుచున్నది.

కణములోని నూలు డి.ఎన్.ఎ.; మొక్క గుణములన్నియు అందులో ఉన్నవి. కండె హిస్టోను అను మాంసకృత్తు. నాలుగు రకముల హిస్టోనులు, రకమునకు రెండు చొప్పున ఎనిమిది కలిసి ఒక కండె అగును. నూలు దానిచుట్టు రెండు చుట్లకు కొంచెము తక్కువగా తిరుగును. కండె నుండి కొన్ని తోకలు బయటికి వచ్చియుండును. వానిపై గల లైసిన్ అను భాగములు నూలును గట్టిగా పట్టియుంచును. ఒక ఎంజైము వచ్చి లైసిన్ కొసకు ఎసిటైల్ అను చిన్న తునక తగిలించును. పట్టు సడలి, ఆ చోటి జన్యువు పనిచేయుటకు వీలగును. మరొక ఎంజైము ఆ తునకను తీసివేయును. పట్టు మరల బిగియును. ఈ తునకలకు జన్యువుల పనితో సంబంధమున్నదని 1964లో ఆల్‌ఫ్రే అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు సూచించిరి. తగిలించు ఎంజైము, తీసివేయు ఎంజైము రెండును 1996లో గుర్తింపబడినవి.

తీసివేయు ఎంజైము నిర్మాణము చూడదగినది. దానిలో ఇరుకైన లోతు రంధ్రమొకటి ఉన్నది. అడుగున ఒక జింకు పరమాణువు ఉండును. లైసిన్ పొడవాటి చేయి తునకతో సహా ఆ రంధ్రములోనికి దిగును; అడుగున జింకు, నీరు కలిసి తునకను కోసివేయును. మీరు పొలములో చల్లు జింకు సల్ఫేటులోని జింకే ఇదియు.

ఇక తెగులు సంగతి. 1938లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రములో ఒక శుద్ధ వంశపు మక్కకు క్రొత్త ఆకుమచ్చ తెగులు కనబడినది. దానిని తెచ్చు బూజు పేరు కోక్లియోబోలస్ కార్బొనమ్. (పేరు నోరు తిరుగకున్నను నష్టము లేదు.) ఆ బూజు హెచ్.సి. విషము అను పదార్థమును చేయును. ఈ విషమునకు తునక తగిలిన లైసిన్‌ను పోలిన పొడవాటి చేయి ఉన్నది. అది రంధ్రములో దిగి ఎంజైమును పనిచేయనీయదు. మక్క ఎంజైములకు ఇట్లు జరుగునని 1995లో తేలినది. అప్పుడు కండెలపై తునకలు పేరుకొనును. బూజును ఎదుర్కొనవలసిన జన్యువులు సరిగా నడువవని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆకులపై గుండ్రముగానో కోలగానో గోధుమరంగు మచ్చలు, కంకిపై కాల్చినట్లు నల్లని బూజు వచ్చును.

అయితే మక్క యావత్తు ఏల నశించలేదు? హెచ్.ఎం.1 అను జన్యువు మరొక ఎంజైమును చేసి, ఆ విషపు చేతిని మార్చి పనికి రాకుండ చేయును. మొక్కలలో తెగులును తట్టుకొను జన్యువులలో మొట్టమొదట వేరుచేయబడినది ఇదియే, 1992లో. తల్లి నుండి గాని తండ్రి నుండి గాని ఒక్క మంచి ప్రతి వచ్చినను చాలును. రెండును చెడినచో మాత్రము మొక్క బూజుకు లొంగిపోవును.

ఇది శ్రీరాంపూరు రైతుకు ఎందుకందురా? పూర్వపు కరీంనగరు జిల్లాలో హైబ్రిడ్ విత్తనోత్పత్తి విస్తారముగా సాగుచున్నది. విత్తన మడిలోని ఆడ సాళ్లు, మగ సాళ్లు శుద్ధ వంశములు. మంచి ప్రతి లేని వంశమునకు దాపు లేదు. అమ్మకపు హైబ్రిడ్‌లో ఆ లోపము దాగియుండును. ఆ హైబ్రిడ్ గింజనే దాచి మరుసటి ఏడు విత్తినచో, ఒక తల్లి లోపముగలదైనప్పుడు, సుమారు నాలుగింట ఒక మొక్కకు రెండు ప్రతులును చెడినవే వచ్చును.

మన ప్రాంతములో తరచు కనబడు టర్సికం, మేడిస్ ఆకుమాడు తెగుళ్లు వేరు బూజుల వలన వచ్చును. ప్రతి మచ్చకు ఈ విషమే కారణమనుకొని మందు కొనవద్దు. కాని విత్తన మడిలో మచ్చలు ఒక వంశపు సాళ్లలోనే నిండుగా ఉండి, ప్రక్క సాళ్లు శుభ్రముగా ఉన్నచో ఆ ఆకులను, సంచి మీది లాటు నంబరును వ్యవసాయ విస్తరణాధికారికి చూపవలెను. ఈ బూజు మక్క చొప్ప అవశేషములలో నిలిచియుండును గనుక కోత తరువాత లోతుగా దున్ని, మరుసటి పైరుగా మక్క గాక వేరొకటి వేయవలెను.