నానమ్మ తలనొప్పి, అన్నయ్య సైలెన్సర్

దసరా సెలవులకి పాడేరులో పెదనాన్న వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ మారుతీ జిప్సీ నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్దది. కాఫీ తోటకి వెళ్ళే మట్టి దారికి అదే బండి. చుట్టుపక్కల ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికీ అదే బండి. ఈసారి వెళ్ళేసరికి దాని గొంతు మారిపోయింది. వీధి చివర ఉండగానే ఇంట్లో గ్లాసులు అదురుతున్నాయి.

అన్నయ్య మూడు పనులు చేయించాడట. ఒకటి, 205/70 టైర్లు తీసేసి 235/75 టైర్లు వేయించాడు. రెండు, వెనక కమాను కట్టలకి పొడుగు షాకిళ్ళు పెట్టి బండిని రెండంగుళాలు లేపించాడు. మూడు, క్యాటలిటిక్ కన్వర్టర్, సైలెన్సర్ రెండూ పీకేసి లావుపాటి తిన్నని పైపు వెల్డింగ్ చేయించాడు. "పవర్ పెరిగిందిరా, సౌండ్ విను" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది.

రెండు రోజుల తర్వాత నానమ్మని కంటి చెకప్‌కి విశాఖపట్నం తీసుకెళ్ళాలి. వర్షం. కాన్వాస్ టాప్ కాబట్టి తెరలన్నీ బిగించేసి ఘాట్ దిగుతున్నాం. అరగంటలో నానమ్మకి తలనొప్పి, తర్వాత వాంతి. నాకూ తల బరువెక్కింది. "ఘాట్ కదా, తిప్పుతుంది" అన్నాడు అన్నయ్య. బండి ఆపి, తెరలెత్తి కూర్చుంటే కాసేపటికి తేరుకున్నాం. మళ్ళీ బయల్దేరగానే మళ్ళీ మొదలు. అప్పుడు నానమ్మ అంది: "నలభై ఏళ్ళుగా ఈ ఘాట్ దిగుతున్నాను, ఎప్పుడూ వాంతి అవలేదు. రోడ్డుది కాదురా తప్పు, బండిదే." బీటెక్ మనవలిద్దరం పక్కన ఉండగా రూట్ కాజ్ చెప్పింది ఆవిడే.

తెరలన్నీ తీసేసి, తడుస్తూనే చోడవరం చేరాం. అక్కడ ఒక మెకానిక్ షెడ్డులో బండి కింద చూస్తే విషయం బయటపడింది. మా సీట్ల కిందే పైపు వెల్డింగ్ చీలిపోయి ఉంది. పైగా కొత్త పైపు చివర వెనక బంపర్ దాటి బయటికి రాలేదు, బాడీ కిందే ఆగిపోయింది.

పైపు ఎందుకంత ముఖ్యం?

పెట్రోలు పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు దాని మొదటి లక్షణాలు. ఘాట్ తిప్పుడు అనుకుని ఊరుకుంటే తర్వాత స్పృహ పోతుంది, ప్రాణమే పోవచ్చు. ఆ వాయువుని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేదే అన్నయ్య పీకేసిన క్యాటలిటిక్ కన్వర్టర్.

ఇంకో సంగతి. బండి ముందుకు పోతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. పొగ గొట్టం బాడీ కిందే ఆగిపోతే ఆ పొగ వెనక్కి సుడి తిరిగి, కాన్వాస్ సందుల్లోంచి లోపలికొస్తుంది. గొట్టం బాడీ దాటి బయటికి రావాలనేది ఇందుకే.

మరి పవర్? జిప్సీ కింగ్ 1.3 లీటర్ ఎంపీఎఫ్ఐ ఇంజన్‌కి గరిష్ఠ టార్క్ 4500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. కొండ దారిలో మనం నడిపేది 1500, 2000 దగ్గర. పైపు మరీ లావైతే అంత తక్కువ వేగంలో పొగ నెమ్మదిస్తుంది. ఒక సిలిండర్ పొగ ఊపు తర్వాతి సిలిండర్ పొగని లాగే సాయం తగ్గిపోతుంది. అంటే మనకి కావలసిన చోటే బలం తగ్గి, సౌండ్ మాత్రం పెరిగిందన్నమాట.

పైపు ఎందుకు చీలింది?

మెకానిక్ అన్న పైపు అతికించేసి డబ్బులడగొచ్చు. అలా చేయలేదు. "చీలింది కనబడింది. ఎందుకు చీలిందో చూడాలి కదా" అని ప్రొపెల్లర్ షాఫ్ట్ పట్టుకుని ఊపాడు. డీబగ్గింగ్ అంటే ఏంటో ఆ నిమిషంలో నాకు క్లాసులో కంటే బాగా అర్థమైంది.

జిప్సీలో ఇంజన్ బలం గేర్‌బాక్స్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేస్‌కి, అక్కడి నుంచి షాఫ్టుల ద్వారా ముందు, వెనక ఆక్సిళ్ళకి వెళ్తుంది. షాఫ్ట్ రెండు చివరలా క్రాస్ జాయింట్ ఉంటుంది. వంకరగా తిరిగే క్రాస్ జాయింట్‌కి ఒక గుణం ఉంది: ఇటు నుంచి సమానంగా తిప్పినా, అటువైపు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. 10 డిగ్రీల వంపుకి ఆ తేడా అటూ ఇటూ 1.5 శాతం. రెండో జాయింట్ అదే కోణంలో ఉండి, రెండు యోక్‌లూ ఒకే వరుసలో ఉంటే మొదటిదాని తేడాని రెండోది రద్దు చేస్తుంది.

షాకిల్ పొడుగైతే బండి లేవడమే కాదు, ఆక్సిల్ కూడా కొంచెం తిరుగుతుంది. దాంతో పినియన్ కోణం మారింది. ఫోన్‌లో యాంగిల్ మీటర్ యాప్ పెట్టి కొలిచాను. ట్రాన్స్‌ఫర్ కేస్ షాఫ్ట్‌కీ పినియన్‌కీ 5 డిగ్రీల తేడా ఉంది. అవి సమాంతరంగా ఉండాలి. దానికి తోడు, షాఫ్ట్ తీసి బిగించినప్పుడు గుర్తు పెట్టుకోకుండా స్ప్లైన్ ఒక పన్ను పక్కకి ఎక్కించేశారు. యోక్‌ల వరుస తప్పింది.

అక్కడే కూర్చుని లెక్కేశాను. ఈ టైర్లతో 60 కిలోమీటర్ల వేగంలో షాఫ్ట్ సెకనుకి సుమారు 28 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి రెండు చొప్పున సెకనుకి 56 కుదుపులు! కంపెనీ పైపు రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడుతూ ఆ అదురుని తట్టుకునేది. కొత్త పైపుని ఛాసిస్‌కి గట్టిగా వెల్డ్ చేసేశారు. కదలడానికి వీల్లేని పైపు చీలిపోయింది. ఎత్తు కోసం చేసిన పని నానమ్మ తలనొప్పిగా తేలింది.

టైర్ల సంగతి కూడా చూడండి. పాత టైరు వ్యాసం 668 మిల్లీమీటర్లు, కొత్తది సుమారు 733. దాదాపు 10 శాతం పెద్దది. స్పీడోమీటర్ 60 చూపిస్తే బండి 66లో ఉంటుంది. మొత్తం గేరింగ్ కూడా అంతే బరువెక్కుతుంది. మట్టి దారి ఎక్కేటప్పుడు క్లచ్ కాలుతోందని పెదనాన్న నెల రోజులుగా అంటున్నారట. పెద్ద టైర్లు వేసేవాళ్ళు ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లో రేంజ్ గేర్లు మార్చుకుంటారు. జిప్సీ లో రేంజ్ 2.268 అయితే, ఇదే కుటుంబానికి చెందిన సుజుకి సమురాయ్‌కి విదేశాల్లో 4.16 సెట్లు దొరుకుతాయి. మాకు అంత బడ్జెట్ లేదు, పాత టైర్లే వేసేశాం.

ఏం చేశాం?

షాఫ్ట్ యోక్‌లు వరుసలో పెట్టించాం. పాత షాకిళ్ళు వేస్తే పినియన్ కోణం దానంతటదే సరైపోయింది. బండి లేపే ఉంచాలంటే కమాను కట్టకీ ఆక్సిల్‌కీ మధ్య వాలు పలక వేసి కోణం సరిచేయాలట. కన్వర్టర్, కంపెనీ సైజు పైపు, రబ్బరు హ్యాంగర్లు మళ్ళీ వచ్చాయి. గొట్టం చివర బంపర్ దాటింది.

చట్టం కూడా ఒకసారి చదివాను. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019 సవరణ తర్వాత, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

మోడిఫికేషన్ వద్దని నేననను, నాకూ ఇష్టమే. కానీ మనం కోడ్‌లో ఒక ఫంక్షన్ మార్చేముందు దాన్ని ఎవరెవరు వాడుతున్నారో వెతుకుతాం కదా. బండికీ అంతే. మన హాస్టల్ పార్కింగ్‌లో బుల్లెట్లకి గొట్టాలు మార్చిన ఫ్రెండ్స్ కూడా ఒకసారి కింద వంగి చూడండి.

తిరుగు ప్రయాణంలో నానమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఘాట్ ఎక్కుతుంటే అన్నయ్య నెమ్మదిగా అడిగాడు, "తల నొప్పిగా ఉందా?" అని. జవాబు లేదు. చూస్తే నిద్రపోతోంది. మేమిద్దరం భయపడి వెంటనే లేపేశాం. బాగా తిట్టింది. అంత హాయిగా తిట్లు ఎప్పుడూ తినలేదు.