రాత్రి డ్రైవింగ్‌కి పసుపు అద్దాలు పనికొస్తాయా?

ఎదురు లారీ హైబీమ్ దించకపోతే రెండు క్షణాలు రోడ్డే కనిపించదు. ఆ బాధకు మందంటూ ‘నైట్ విజన్’ పేరుతో పసుపు కళ్ళద్దాలు అమ్ముతుంటారు. పెట్టుకోగానే లోకం కాస్త తేటపడినట్టే ఉంటుంది. మరి చూపు నిజంగా మెరుగవుతుందా?

అమెరికాలో బోస్టన్‌లోని షెపెన్స్ కంటి పరిశోధన సంస్థ దీన్ని పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రకటించింది. 22 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ఎదురు హెడ్‌లైట్ల వెలుగు కళ్ళలో పడుతుండగా పాదచారిని ఎంత త్వరగా పసిగడతారో చూశారు. బజారులో దొరికే మూడు రకాల పసుపు అద్దాల్లో ఏదీ తెల్ల అద్దం కంటే మేలనిపించుకోలేదు.

కారణం తేలికే. రంగు అద్దం ఏదైనా వెలుగును కొంత మింగేస్తుంది. హెడ్‌లైటు వెలుగు ఎంత వంతు తగ్గుతుందో, ముదురు రంగు లుంగీ కట్టుకుని రోడ్డు దాటే మనిషి నుంచి వచ్చే కాస్త వెలుగూ దాదాపు అంత వంతూ తగ్గుతుంది. హెడ్‌లైటుకు ఆ నష్టం లెక్కలోది కాదు. ఆ మనిషి మాత్రం చీకట్లో కలిసిపోతాడు. చలువ కళ్ళద్దాల అంతర్జాతీయ ప్రమాణం కూడా, 75 శాతం కంటే తక్కువ వెలుగును పంపే అద్దాలు రాత్రి డ్రైవింగ్‌కు పనికిరావంటుంది.

పసుపు వెలుగు మీద నమ్మకం కొత్తదేం కాదు. ఫ్రాన్స్‌లో 1930ల నుంచి 1993 దాకా కార్లకు పసుపు హెడ్‌లైట్లే ఉండాలన్న నియమం ఉండేది. తర్వాత యూరప్ నిబంధనలతో అక్కడా తెల్ల లైట్లే వచ్చాయి.

పోలరైజ్డ్ అద్దాల కథ ఇంకా ఆసక్తికరం. వాటిలో ఉండేది, ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పంపే ఫిల్మ్. ఆవిష్కర్త ఎడ్విన్ లాండ్ 1920ల చివర్లో దాన్ని కనిపెట్టినప్పుడు అతని కల సరిగ్గా ఇదే: హెడ్‌లైట్ల మిరుమిట్లను పోగొట్టడం. ప్రతి కారు హెడ్‌లైటుకూ, విండ్‌షీల్డుకూ 45 డిగ్రీల వాలులో ఫిల్మ్ అమర్చితే, ఎదురు బండి వెలుగు మన విండ్‌షీల్డు దగ్గరే ఆగిపోతుంది, మన వెలుగు మనకు దక్కుతుంది. బండ్లన్నీ ఒకేసారి మారితే తప్ప ఫలితం ఉండదు కాబట్టి కార్ల కంపెనీలు ముందుకు రాలేదు. అంత అందమైన ఆలోచన రోడ్డెక్కకపోవడం నాకిప్పటికీ వెలితిగానే ఉంటుంది. చివరికి ఆ ఫిల్మ్ చలువ కళ్ళద్దాల్లోకి చేరింది. పగటిపూట తడి రోడ్డు మెరుపుకు అవి దివ్యంగా పనిచేస్తాయి. రాత్రి హెడ్‌లైటు నుంచి నేరుగా వచ్చే వెలుగు పోలరైజ్ అయి ఉండదు కనుక, సగానికి పైగా వెలుగు పోగొట్టుకోవడమే మిగులుతుంది.

రాత్రికి నిజంగా ఉపకరించేది రంగు లేని అద్దమే, దానిమీద యాంటీ రిఫ్లెక్షన్ పూత ఉండాలి. మామూలు గాజు ఒక్కో ముఖం దాదాపు 4 శాతం వెలుగును తిప్పికొడుతుంది. రెండు ముఖాల మధ్య అటూ ఇటూ కొట్టుకున్న వెలుగే దీపాల పక్కన దెయ్యపు నీడలా కనిపిస్తుంది. జర్మనీలో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకులా 1935లో ఈ పూతకు దారి వేశాడు. మన కళ్ళద్దాల షాపుల్లో ‘యాంటీ గ్లేర్’ అని అడిగితే ఇచ్చేది ఇదే. పవర్ వాడేవాళ్ళు దీని మీద ఖర్చు పెట్టడం దండగ కాదు.

వయసు సంగతీ చూడాలి. అరవై ఏళ్ళ కంటి రెటీనాకు చేరే వెలుగు, ఇరవై ఏళ్ళ కంటికి చేరేదానిలో మూడో వంతు మాత్రమే. దీపాల చుట్టూ వలయాలు కొత్తగా కనిపిస్తుంటే శుక్లం మొదలైందేమో చూపించుకోవాలి. పసుపు అద్దాలతో నెట్టుకొస్తే ఆ పరీక్ష వాయిదా పడుతుంది, నా అసలు భయం అదే.

లారీల వెనక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని రాసి ఉండేది ఈ హైబీమ్ బాధ గురించే. హైవే డివైడర్ మీద గుబురుగా పెంచే గన్నేరు మొక్కలు అందానికే కాదు, అవతలి వైపు లైట్లకు అడ్డు కూడా. విండ్‌షీల్డు లోపలివైపు పట్టే పల్చటి మసక పొర వెలుగును చెల్లాచెదురు చేస్తుంది. దాన్ని తుడవడానికి పైసా ఖర్చు లేదు.

ఇక వెనక బండి వెలుగుకు, కారు లోపలి అద్దం కిందున్న చిన్న మీట చాలు. ఆ అద్దంలో గాజు ముందు ముఖమూ, వెనకున్న కళాయీ సమాంతరంగా ఉండవు. మీట తిప్పితే కళాయి నుంచి వచ్చే వెలుగు పైకప్పు వైపు పోయి, గాజు ముందు ముఖం తిప్పికొట్టేది మాత్రమే కంటికి చేరుతుంది. కళ్ళద్దాల్లో వద్దనుకున్న ఆ 4 శాతమే ఇక్కడ పనికొస్తుంది.