వార్తల్లో పదం: స్ట్రిక్‌లాండ్ పరీక్ష

అమెరికాలో హత్య కేసుల అప్పీళ్లలో తరచూ వినిపించే పేరిది. జ్యూరీ చర్చకు కూర్చునే ముందు చట్టం ఏమంటుందో జడ్జి చదివి వినిపిస్తారు. ప్రాణం కాపాడుకోవడానికే కొట్టానని నిందితుడు చెప్పినా, ఆత్మరక్షణపై సూచన ఇవ్వమని లాయరు అడగకపోతే ఆ చట్టం జ్యూరీ చెవిన పడకపోవచ్చు. ఇది చిన్న లోపం కాదు. ఆత్మరక్షణ కాదని నిరూపించే భారం దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ప్రాసిక్యూషన్‌దే. ఒహాయోలో మాత్రం 2019 దాకా నిందితుడే నిరూపించుకోవాల్సి వచ్చేది.

శిక్ష పడ్డాక ‘నా లాయరు సరిగ్గా వాదించలేదు’ అంటే చాలదు. 1984లో స్ట్రిక్‌లాండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు రెండు షరతులు పెట్టింది. లాయరు పనితీరు వృత్తి ప్రమాణాలకు అందనిదై ఉండాలి. ఆ తప్పు జరగకపోతే ఫలితం మారేదనడానికి సహేతుకమైన అవకాశం కనిపించాలి. పైగా, లాయరు చేసింది వ్యూహమేనన్న నమ్మకంతోనే కోర్టు విచారణ మొదలుపెడుతుంది. చాలా అప్పీళ్లు ఇక్కడే వీగిపోతాయి.

ఆ తీర్పుతో విభేదించిన జస్టిస్ థర్గుడ్ మార్షల్, సమర్థుడైన లాయరు ఉంటే ఏం జరిగేదో రికార్డు చూసి చెప్పడం కష్టమన్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. లాయరు వేయని ప్రశ్న, పిలవని సాక్షి రికార్డులో ఎక్కడ ఉంటాయి?