ఉప్పుగాలిలో పాత బండి

బైలదిల కొండలలోని ఎఱ్ఱని ఇనుపరాయి కొత్తవలస మీదుగా రైలుమార్గమున విశాఖపట్టణమునకు వచ్చుట మనమందరము ఎరిగినదే. అందులో కొంత ఓడలకెక్కి విదేశములకు పోవును. కొంత ఉక్కు కర్మాగారమునకు చేరును. 1971లో శంకుస్థాపన జరిగి, 1990లో తొలి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన ఆ కర్మాగారములో, ఇనుపరాయిలోని ప్రాణవాయువును కోకు బొగ్గుతో వెడలగొట్టి లోహమును వేరుచేయుదురు. సముద్రపుగాలి చేయు పని దీనికి సరిగా విరుద్ధమైనది. అది రాత్రింబవళ్లు ఉక్కునకు ప్రాణవాయువును తిరిగి అంటగట్టి, దానిని మరల ఎఱ్ఱమట్టిగా మార్చుచుండును. ఆ మట్టినే మనము తుప్పు అందుము. ఈ ఊరిలో ఇంటివద్ద పాత మోటారు బండిని బాగుచేసికొనదలచిన వారికి అసలు శత్రువు ఇంజను కాదు, ఈ తుప్పే.

మా ఇంట అట్టి బండి యొకటి కలదు. 1968లో రిజిస్టరైన మహీంద్రా జీపు. వెనుక సరుకుల తొట్టి కట్టించిన పికప్పు. మా నాయనగారు పూర్ణామార్కెట్టు నుండి రేవులోని ఓడలకు బియ్యము, కూరగాయలు, మంచుగడ్డలు చేరవేసినది ఈ బండితోనే. ఆయన గతించిన పిమ్మట అది ఏడేండ్లు రేకుల పందిరి క్రింద నిలిచిపోయినది. పాత ఇనుము కొనువారు రెండుమారులు వచ్చి బేరమాడిరి. మా అమ్మ, “తూకానికిచ్చీడానికి అదేటి, పాత కాగితాలేటిరా?” అన్నది. అంతటితో ఆ బేరము ముగిసినది.

నేను చేసిన మొదటి పని పొరపాటు పని. బండిని ఒక మరమ్మతు దుకాణమునకు అప్పగించితిని. నెల దిరుగకుండ అద్దము వలె మెరయుచు తిరిగి వచ్చినది. ఒక ఆదివారమునాడు అమ్మను, పిల్లలను ఎక్కించుకొని సింహాచలము కొండకు పోతిని. దిగునప్పుడు మలుపువద్ద బ్రేకు పెడలు ఒక్కసారిగా నేలకు తగిలినది. బండి రెండవ గేరులో ఉన్నది. ఈ జీపులో చేతిబ్రేకు చక్రములకు గాక వెనుకకు పోవు ప్రొపెల్లర్ షాఫ్టునకు అమర్చబడి యుండును. అది పట్టినది గనుక మట్టిగట్టునకు ఆనుకొని ఆగితిమి. తరువాత విప్పిచూడగా, కొత్త రంగు క్రింద బ్రేకు గొట్టము తుప్పుతో తొలిచిపోయి యున్నది. ఛాసిస్సులో నీరు జారిపోవుటకై ఉంచిన రంధ్రములు గూడ పుట్టీతో పూడ్చబడి యున్నవి. బాగుచేయుట యనగా రంగువేయుట కాదని నాకు ఆనాడు తెలిసివచ్చినది.

తుప్పు మన తీరమున ఇంత వేగముగా పెరుగుటకు కారణ మున్నది. అలల తుంపరలతో లేచిన ఉప్పు గాలిలో కొట్టుకొనివచ్చి లోహముమీద వాలును. గాలిలోని తేమ సుమారు నూటికి 75 పాళ్లు దాటినచో, వర్షము లేకున్నను ఆ ఉప్పు తానే తేమను పీల్చి నీరగును. ఉప్పునీటిగుండా విద్యుత్తు సులభముగా ప్రవహించును గనుక, రేకుమీద లెక్కలేనన్ని చిన్న బ్యాటరీలు పనిచేసినట్లగును; ఇనుము కరగిపోవును. పుట్టిన తుప్పు, పోయిన ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు ఆక్రమించును. రంగు పొక్కులు లేచుట అందువలననే. పొక్కు కనబడునప్పటికి లోపలి పని చాలవరకు జరిగిపోయి యుండును.

కావున మొదటి పని పరీక్ష. ఒక అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకుమీద జరుపుడు. అది పట్టువిడిచిన చోట క్రింద ఉన్నది పుట్టీ యని గ్రహింపవచ్చును. స్క్రూడ్రైవరు పిడితో ఛాసిస్సును తట్టుడు. గట్టి ఉక్కు గణగణ పలుకును. తిన్న ఉక్కు మూగవోవును. ఆ పిమ్మట విప్పుట. విప్పకమునుపే ప్రతి భాగమునకు ఫోటో తీయుడు. బోల్టులను వేర్వేరు డబ్బాలలో వేసి చీటీలు అంటింపుడు. ఆరునెలల తరువాత జ్ఞాపకశక్తిని నమ్ముకొనుట అవివేకము.

చిన్న భాగముల తుప్పు వదలించుటకు చౌకయైన ఉపాయ మొకటి కలదు. చక్కెర మిల్లులలో మిగులు మడ్డిని, అనగా మొలాసిస్సును, ఒక పాలునకు తొమ్మిది పాళ్లు నీరు కలిపి ప్లాస్టిక్కు పీపాలో పోసి భాగములను ముంచి ఉంచవలెను. వారము, రెండు వారములలో అది తుప్పును లాగివేయును. మంచి ఉక్కును పెద్దగా తాకదు. వాసన భరింపరానిది గనుక పీపాను పెరటిలో మూతపెట్టి ఉంచుడు. అల్యూమినియము, జింకు భాగములను అందులో వేయరాదు. ఛాసిస్సు వంటి పెద్దవాటిని తీగబ్రష్షుతో తోమవలెను. ఇసుకను ఎగజిమ్మి శుభ్రపరచు పని ఇంటివద్ద తగదు; ఆ ధూళి ఊపిరితిత్తులను చెరచును.

శుభ్రమైన ఉక్కు మన గాలిలో కొన్ని గంటలకే మరల ఎఱ్ఱబారును. కావున ఉదయము తోమిన దానికి ఆ సాయంకాలము లోపలనే ప్రైమరు పడవలెను. జింకు పాలు హెచ్చుగా నున్న ప్రైమరు శ్రేష్ఠము. ఓడల అడుగుభాగమున, చుక్కాని దాపున జింకు దిమ్మలు బిగించుట రేవులో పనిచేసినవారు చూచియే యుందురు. జింకు ముందుగా తాను కరగి ఇనుమును కాపాడును. ఆ ధర్మమే ఈ పూతలోను పనిచేయును. ఛాసిస్సు లోపలి గుల్లభాగములలో మైనము కలిసిన నూనెను చిమ్మి, నీటి రంధ్రములను తెరచి ఉంచవలెను.

బ్రేకుల విషయమున పొదుపు కూడదు. ఆ కాలపు జీపులలో నాలుగు చక్రములకును ఒకే బ్రేకు వలయము. ఒక గొట్టము పగిలినచో నాలుగును పోవును. గొట్టములు, రబ్బరు కప్పులు అన్నియు కొత్తవి వేసి, బ్రేకు ద్రవమును రెండేండ్లకొకమారు మార్చవలెను. ఛాసిస్సు వెల్డింగును నేర్పరికే అప్పగింపవలెను. పెట్రోలు ట్యాంకును ఖాళీదే గదా యని ఇంట వెల్డింగు చేయబూనుట ప్రాణాపాయము. లోపల మిగిలిన ఆవిరి చాలును ప్రేలుటకు.

ఇంజను అంత భయపెట్టునది కాదు. చాలకాలము నిలిచిన దానిని వెంటనే స్టార్టు చేయక, ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొద్దిగా నూనె పోసి, ఒకటి రెండు దినములు ఉంచి చేతితో త్రిప్పవలెను. నేటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరును చెరచును, తేమను పీల్చును. అందుచేత ఇథనాలునకు తట్టుకొను కొత్త గొట్టములు అవసరము.

చట్టమును గూర్చి ఒక మాట. యాభై ఏండ్లు దాటి, ఛాసిస్సు, బాడీ, ఇంజను పెద్దగా మార్పు చెందని స్వంత వాడుక వాహనములకు వింటేజి రిజిస్ట్రేషను కల్పించుచు 2021లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసికొనిపోవచ్చును గాని నిత్యవ్యవహారమునకు వాడరాదు. సరుకుల బండిగా నమోదైన పికప్పు గలవారు, డబ్బు ఖర్చు పెట్టకమునుపే రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

మా బండికి రెండవమారు పట్టిన కాలము పదునాలుగు మాసములు. తొట్టిలోని చెక్కలమీద త్రాళ్లు ఒరసిన గాడులను అట్లే ఉంచితిని. వెనుక తలుపుమీద నాయనగారు స్వయముగా వ్రాసిన “సింహాద్రి అప్పన్న” అను అక్షరములకు పైని వార్నీషు పూసితినే గాని కొత్త రంగు వేయలేదు. ప్రతి ఆదివారము మంచినీటితో బండి అడుగుభాగమును కడుగుచున్నాను. సముద్రతీరమున ఈ పనికి ముగింపు లేదు. 2002 నుండి బీచి రోడ్డున నిలిచియున్న కురుసుర జలాంతర్గామికైనను ఉప్పుగాలినుండి మినహాయింపు లేదు గదా! గత మాసమున అమ్మ మరల ఆ బండిలో సింహాచలమునకు వచ్చినది. దిగునప్పుడు మలుపువద్ద ఆమె చేయి తలుపు కమ్మిని గట్టిగా పట్టుకొనుట చూచితిని. బ్రేకు పట్టినది.