బిగిస్తే ఆగని చుక్క

చేపల తొట్టి కింద తడి కనిపించగానే మొదట బయటికొచ్చేది పానా. చేతికందిన నట్టునల్లా ఇంకో చుట్టు బిగిస్తారు. కాసేపు ఆగినట్టే ఉంటుంది. మర్నాటికి ముందుకన్నా ఎక్కువ కారుతుంది, ఎందుకంటే ఈలోగా వాషర్ పక్కకి జారిపోయో, ప్లాస్టిక్ మర చిట్లిపోయో ఉంటుంది. బిగువు చాలకే నీరు కారుతోందన్న నమ్మకం మనకు వంటింటి కుళాయి దగ్గర అలవాటైంది. చేపల తొట్టి లెక్క వేరు.

నీటి పీడనం లోతును బట్టి ఉంటుంది, తొట్టి ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు. 10 మీటర్ల ఎత్తు నీటికి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు పడుతుంది. మూడంతస్తుల మేడ మీది ట్యాంకు నుంచి కింది వాటా కుళాయికి వచ్చేది సుమారు అంతే. 45 సెంటీమీటర్ల లోతున్న చేపల తొట్టి అడుగున పడేది మాత్రం చదరపు సెంటీమీటరుకు 45 గ్రాములు. రెండడుగుల పొడవున్నదైనా, గోడ పొడవునా కట్టించుకున్నదైనా లోతు ఒకటే అయితే పీడనమూ ఒకటే. ఫిల్టరును కింది అరలో పెడితే ఆ ఎత్తు కూడా కలుస్తుంది. అయినా కుళాయి పీడనం దరిదాపులకు రాదు.

ఇంత తక్కువ ఒత్తిడికే నీరు బయటపడుతోందంటే దానికి ఎక్కడో తెరిచిన దారి ఉందన్నమాట. సన్నటి సందులోంచి కారే నీటి విషయంలో ఒక నియమం ఉంది. కారే పరిమాణం సందు మందానికి ఘనం చొప్పున మారుతుంది. సందు సగమైతే కారేది ఎనిమిదో వంతు, రెట్టింపైతే ఎనిమిది రెట్లు. అందుకే వాషర్ కింద ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చేసే నష్టం కొంచెం వదులైన నట్టు చేసే నష్టానికి మించి ఉంటుంది. పానా తీసే ముందు ఒక శుభ్రమైన గుడ్డ తీయడం మేలు.

అసలు లీకే ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎండాకాలంలో, అందులోనూ ఫ్యాను కింద, మూత లేని తొట్టిలో నీటిమట్టం ఆవిరి వల్లే రోజూ కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టిలో మట్టం ఒక సెంటీమీటరు దిగితే పోయినట్టు లెక్క సుమారు 1.8 లీటర్లు. అనుమానం తీరాలంటే తొట్టి పక్కనే ఒక వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి రెండింటి మట్టాలూ గుర్తుపెట్టండి. హీటరు ఉన్న తొట్టి కొంచెం ఎక్కువే ఆవిరవుతుంది కాబట్టి దాన్ని ఆపి చూడాలి. రెండూ ఒకేలా దిగితే లీకు లేదు. తొట్టి బాగా ముందుకు పోతే వెతకాల్సిందే. సెకనుకు ఒక చుక్క అంటే చిన్నవిషయంలా అనిపిస్తుంది గానీ, ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకది నాలుగు లీటర్లు దాటుతుంది.

చుక్క రాలే చోటే లీకు ఉందనుకోవడం ఇంకో పొరపాటు. నీటికి ప్లాస్టిక్‌నీ గాజునీ అంటుకుని పాకే గుణం ఉంది. పైన కీలు దగ్గర ఊరిన నీరు పైపు అడుగు వెంబడి జారుతూ వచ్చి, ఎల్బో దగ్గర పైపు వంపు తిరిగే చోట రాలుతుంది. నేరం ఎల్బో మీద పడుతుంది. అందుకని అన్ని కీళ్ళనూ పొడిగా తుడిచి, ఒక్కోదానికీ టిష్యూ కాగితం చుట్టి, కాసేపు ఆగి చూడాలి. పైనుంచి కిందికి వెతికితే మొదట తడిసిన కాగితం దగ్గరే దొంగ దొరుకుతాడు. నీరు కనబడకపోయినా తెల్లటి పొర కట్టిందంటే అదీ లీకే. బోరు నీళ్ళలోని సున్నం, లేదా సముద్రపు చేపల తొట్టిలోని ఉప్పు అక్కడ మిగిలి, నీరు మాత్రం ఎప్పటికప్పుడు ఆవిరైపోతుంటుంది.

ఇక మరమ్మతు. నీటిని ప్రతి కీలు దగ్గరా ఆపేది ఏదో ఒకటే వస్తువు. ఒకచోట రబ్బరు, ఒకచోట మర, ఒకచోట అతుకు. ఏ కీలును ఏది కాపాడుతోందో తెలియకుండా చేసిన మరమ్మతు నిలవదు.

గాజుకు రంధ్రం చేసి పైపు బిగించే చోట వాడేది ట్యాంక్ నిపుల్. మేడ మీద నల్ల ట్యాంకుకు వాడేదీ ఈ తరహాదే. ఒక చివర వెడల్పాటి అంచు, ఒంటి నిండా మర, ఒక రబ్బరు వాషర్, ఒక నట్టు. అంచు తొట్టి లోపల ఉండాలి, వాషర్ ఆ అంచుకూ గాజుకూ మధ్య ఉండాలి, నట్టు బయట ఉండాలి. చాలామంది వాషర్‌ను బయట నట్టు కింద పెడతారు, బిగించేటప్పుడు అదే సబబుగా తోస్తుంది కాబట్టి. అలా పెడితే ఏమవుతుందో నీటి వెంట వెళ్ళి చూడండి. లోపలి అంచు కింద నుంచి రంధ్రంలోకి దిగుతుంది. అక్కడ నిపుల్ మర సర్పిలంగా బయటిదాకా తెరిచిన కాలువలా ఉంటుంది. వాషర్ గాజుకూ నట్టుకూ మధ్య దారిని మూసిందేగానీ, నట్టు లోపలి మర వెంట ఉన్న దారిని మూయలేదు. నట్టును ఎంత బిగించినా ఆ కాలువ మూతపడదు, ఎందుకంటే ఇది నేరుగా సాగే మర, లోపలికి పోయేకొద్దీ బిగుసుకునేది కాదు. దాని మీద టెఫ్లాన్ టేపు చుట్టినా పెద్దగా ఉపయోగం లేదు.

బిగించేటప్పుడు లోపలి అంచును కదలకుండా పట్టుకుని నట్టునే తిప్పాలి. అంచు తిరిగితే దాని కింద రబ్బరు మెలిక పడుతుంది. చేత్తో ఆగినంత వరకు తిప్పి, ఆపైన పావు చుట్టు చాలు. రబ్బరును నొక్కితే దాని ఘనపరిమాణం తగ్గదు, నొక్కిన మేరకు పక్కలకు ఉబుకుతుంది. అంచు చుట్టూ రబ్బరు బయటికి పొంగి కనిపిస్తే అప్పటికే ఎక్కువ బిగించారన్నమాట. గాజు రంధ్రం అంచున డ్రిల్లు కొట్టినప్పుడు లేచిన చిట్లు వాషర్ వెడల్పును దాటి ఉన్నా నీరు ఆగదు. ఏళ్ళ తరబడి నొక్కుడు పడ్డ వాషర్ పలచబడి, విప్పినా మళ్ళీ పైకి లేవదు. దాన్ని తిరగేసి పెట్టి పొదుపు చేయడం కన్నా కొత్తది కొనడం చవక.

బయటి నుంచి సిలికాన్ పూయడం మన దగ్గర బాగా చలామణిలో ఉన్న చిట్కా. అది నిలవదు. వెనక నుంచి నీరు దాన్ని గాజు నుంచి ఊడదీస్తూ ఉంటుంది. అదే పూత తొట్టి లోపల ఉంటే నీరే దాన్ని గాజుకు అదుముతుంది. లోపల పూయాలంటే తొట్టి ఖాళీ చేయాలి, పాత సిలికాన్ పూర్తిగా గీకేయాలి (పాతదానికి కొత్తది పట్టదు), పొడిగా తుడవాలి. పూశాక వచ్చే వెనిగర్ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. సిలికాన్ గాలిలోని తేమను తీసుకుని పైనుంచి లోపలికి గట్టిపడుతుంది, రోజుకు సుమారు రెండు మూడు మిల్లీమీటర్లు. పైన ఆరినట్టుందని నీళ్ళు నింపేస్తే లోపల ఇంకా ముద్దే. స్నానాల గదికి అమ్మే రకాల్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు. అది చేపలకు పనికిరాదు.

మరతోనే నీటిని ఆపే కీళ్ళది వేరే కథ. మన పైపు మరలు బ్రిటిష్ పద్ధతివి. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన 55 డిగ్రీల పళ్ళ కోణం ఇప్పటికీ వాటిలో ఉంది. అమెరికా పైపు మరల కోణం 60 డిగ్రీలు. విచిత్రమేమిటంటే అరంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 పళ్ళే. అందుకే దిగుమతి చేసుకున్న ఫిల్టరు కనెక్టర్ మన కప్లింగ్‌లోకి రెండు మూడు చుట్లు హాయిగా దిగి, సరిపోయిందనే భ్రమ కలిగిస్తుంది. పళ్ళ ఆకారం కలవదు కాబట్టి సందు మిగులుతుంది. బజార్లో దీనికి దొరికేది అడాప్టర్, టేపు కాదు.

సరైన జంట అయినా సన్నని మెలిక సందు ఉండనే ఉంటుంది. దాన్ని పూడ్చేదే తెల్లటి టెఫ్లాన్ టేపు. ఆ పదార్థం 1938లో డూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్‌కు అనుకోకుండా దొరికింది. శీతలీకరణ వాయువుల మీద పని చేస్తుండగా ఒక సిలిండరు బరువు తగ్గకుండానే వాయువు రావడం ఆగిపోయింది. కోసి చూస్తే లోపల తెల్లటి మైనంలాంటి పొడి ఉంది. టేపు సందు నింపుతుంది, జారుడు గుణం వల్ల మరను ఇంకొంచెం లోతుకు దిగనిస్తుంది కూడా. పైపు చివర మీకేసి ఉండగా గడియారం ముళ్ళు తిరిగే వైపు చుట్టాలి. ఎదురు చుట్టితే బిగించేటప్పుడే ఊడివస్తుంది. ప్లాస్టిక్‌కు మూడు నాలుగు చుట్లు చాలు. మందంగా చుట్టి బలంగా తిప్పితే బయటి భాగం పగులుతుంది. ఇత్తడి నిపుల్‌ను ప్లాస్టిక్ సాకెట్లో బిగించినప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా ఇత్తడిలోని రాగి కలిసిన నీరు రొయ్యలకూ నత్తలకూ విషం కాబట్టి ఇత్తడిని తొట్టి నీటి దారిలో పెట్టకపోవడమే మంచిది.

పీవీసీ పైపులకు పూసే సొల్యూషన్ జిగురు కాదు. అది రెండు ముఖాలనూ కరిగించి ఒకటి చేస్తుంది. కారుతున్న అతుకు మీద బయట ఇంకో పొర పూస్తే ఒరిగేదేమీ లేదు. కోసేసి, కప్లింగ్ వేసి మళ్ళీ అతకాలి. అంతే.

నీరు కారని లీకులూ ఉన్నాయి. తొట్టి అంచు మీదుగా ఎక్కి దిగే పైపులో, నీటిమట్టానికి పైనున్న భాగంలో సైఫన్ నడుస్తున్నప్పుడు పీడనం బయటి గాలి కన్నా తక్కువ. అక్కడ కీలు వదులైతే నీరు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఫిల్టరులో గరగర, నీటిలో సన్నటి బుడగలు కనబడితే తడి కోసం కాదు, ఆ పై కీళ్ళ ఓ-రింగుల కోసం చూడాలి. వాటికి సిలికాన్ గ్రీజు రాయవచ్చు. వ్యాజిలిన్ వద్దు, కొన్ని రబ్బర్లను అది ఉబ్బిస్తుంది.

కరెంటు పోయినప్పుడు అదే సైఫన్ తిరగబడుతుంది. గాలి పంపు తొట్టి కన్నా కింద ఉంటే సన్న గొట్టంలోంచి నీరు పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి వస్తుంది. పంపును పైన పెట్టాలి, లేదా గొట్టంలో వన్ వే వాల్వు వేయాలి. సంపు (కింద నీళ్ళు దిగే రెండో తొట్టి) ఉన్న తొట్టిలో అయితే, నీటిని పైకి తెచ్చే పైపుకు నీటిమట్టానికి కాస్త కిందగా ఒక చిన్న రంధ్రం పెడితే మట్టం అక్కడికి దిగగానే గాలి జొరబడి సైఫన్ తెగుతుంది. నాచు ఆ రంధ్రాన్ని పూడుస్తుంటుంది కాబట్టి అప్పుడప్పుడు పుల్లతో పొడవాలి. మరమ్మతయ్యాక పంపు స్విచ్చి మీరే ఆపి, సంపులో మట్టం ఎంతవరకు ఎక్కుతుందో చూడండి. సంపు పొర్లకుండా ఆగితే, పంపు మళ్ళీ వేశాక అందులో నిలిచిన మట్టం దగ్గర మార్కరుతో గీత గీయండి. ఇకమీదట సంపును ఆ గీత దాటి నింపకండి.